కాగితం మీద రెండు గేదెలు

మా గేటుకి మైదాపిండి జిగురుతో నోటీసు అంటించి పోయారు. పిలిచి చేతికిస్తే తీసుకోనా? ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత అక్షరాలు దిద్దించినదాన్ని, ఇచ్చిన కాగితం చదువుకోలేనా? గోళ్ళతో గీకి దాన్ని ఊడదీసేసరికి, కిందటి నెలే వేయించిన పచ్చరంగు కూడా దాంతో పాటే ఊడొచ్చింది.

నివాస ప్రాంతంలో, అనుమతి లేకుండా, రెండు గేదెలతో వ్యాపార సరళిలో పాడిశాల నడుపుతున్నానట. పదిహేను రోజుల్లోగా వాటిని పట్టణం హద్దు దాటించాలట. దాటించకపోతే వాళ్ళే వచ్చి తోలుకుపోతారట. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. మా పెరట్లో ఉన్నది ఒక్కటే గేదె. అదీ ఇంకా ఈనలేదు, నెలలు నిండుతున్నాయి. పుట్టి బుద్ధెరిగి ఇంతవరకు చుక్క పాలివ్వని ఒక్క గేదెతో నేను డెయిరీ నడిపేస్తున్నానట! చోద్యం కాకపోతే ఏమిటి?

మాది నిన్నమొన్నటి దాకా పంచాయితీ. కొబ్బరి తోటలు, వాటి మధ్య ఇళ్ళు, ఇళ్ళ వెనక పశువుల పాకలు. ఒక ఉత్తర్వుతో పట్నంలో కలిపేశారు. కలిపినందుకు మాకు దక్కినవి రెండే: ఇంటిపన్ను పెరిగింది, వీధి మొదట్లో ఇనప బోర్డు పాతారు. కాలవ అలాగే ఉంది. కొబ్బరిచెట్లు అలాగే ఉన్నాయి. గట్టి వాన పడితే వీధిలో మోకాలిలోతు నిలిచే నీళ్ళూ అలాగే ఉన్నాయి. ఎవరో ఎక్కడో కూర్చుని మ్యాపులో మా వీధికి పసుపురంగు పూసి రెసిడెన్షియల్ జోన్ అన్నారు, అంతే. కాలవ అవతలి గట్టు ఇంకా పంచాయితీయే. అక్కడ ఎన్ని గేదెలున్నా అడిగే దిక్కులేదు. మా పెరట్లో నిలబడి గట్టిగా పిలిస్తే అవతలివాళ్ళు పలుకుతారు.

అసలు తంటా అంతా ఆ గేదె ఎవరిది అన్న దగ్గర వచ్చింది. మా వైపు సగానికి పెంచడం అని ఒక పద్ధతి ఉంది. చేతిలో నాలుగు రాళ్ళున్నవాళ్ళు పెయ్యదూడని కొని, చాకిరీ చెయ్యగలిగినవాళ్ళకి అప్పగిస్తారు. వాళ్ళు మేపుతారు, కడుగుతారు, జబ్బు చేస్తే రాత్రింబవళ్ళు కనిపెట్టుకుని ఉంటారు. తొలిచూలు ఈనేదాకా ఆ పశువు సగం వీళ్ళది, సగం వాళ్ళది. ఈనాక ఇద్దరూ కూర్చుని వెల కట్టుకుంటారు. ఒకరి సగం మరొకరు కొనేసుకుంటారు. కాగితం ఉండదు, సాక్షులుండరు. నోటిమాట మీదే జరుగుతుంది. మా అమ్మ కాలం నుంచీ చూస్తున్నాను, ఆ మాట తప్పినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు.

మూడేళ్ళ కిందట మలికిపురం వైపు నుంచి నేనొక పెయ్యదూడని తెచ్చాను. ఎందుకు తెచ్చావంటే చెప్పలేను. రిటైరయ్యాక కాళ్ళూ చేతులూ ఊరుకోలేదు. తెచ్చిన వారానికల్లా పేడ తియ్యడం నావల్ల కాదని తెలిసిపోయింది. మా వెనక వీధి అమ్మాయిని పిలిచాను. అమ్మాయంటే నలభైకి దగ్గరపడిన మనిషే. కానీ అయిదో తరగతి దాకా నా దగ్గరే చదివింది కాబట్టి నాకు అమ్మాయే. దాని మొగుడు కొబ్బరి దింపులకి వెళ్ళేవాడు. చెట్టు మీంచి పడి నడుం దెబ్బతిన్నాక ఇంక ఎక్కలేడు. ఇది కొబ్బరి ఈనెలు చీల్చి చీపుళ్ళు కట్టి అమ్ముకుంటూ ఇంటిని లాక్కొస్తోంది.

"నెలకింతని ఇస్తానే, దీన్ని చూసిపెడతావా?" అన్నాను.

"కూలికైతే చెయ్యనండి పంతులమ్మగారు," అంది. మెల్లిగానే అంది. "సగానికైతే పెంచుతానండి."

నాకు ఆ మాట నచ్చింది. సరేనన్నాను. ఆ రోజు నుంచి దూడ తిండి దానిదే, ఆలనాపాలనా దానిదే. తెల్లారకుండా కొడవలి పట్టుకుని కాలవ గట్టు మీదికి పోయేది. నెత్తి మీద మోపుతో వచ్చేది. నాలుగిళ్ళలో కుడితి నీళ్ళు పోగేసి బకెట్లతో మోసుకొచ్చేది. ఒక వర్షాకాలం దూడకి గాలికుంటు వస్తే, ఆ పాకలోనే గోనె పరుచుకుని ఆరు రోజులు పడుకుంది. నేను చేసిందల్లా పెరట్లో చోటివ్వడం. దానికి సొంత ఇల్లు లేదు. అద్దెగది ముందు గుంజ పాతుకునే జాగా కూడా లేదు.

గేదె ఈనగానే నా సగం కొనేసుకోవాలని దాని కోరిక. ఎప్పుడు ఇవ్వగలిగితే అప్పుడే ఇవ్వవే అన్నాను నేను. చూడి కట్టిందని పశువుల డాక్టరు చెప్పిన రోజున మిఠాయి పొట్లం తెచ్చింది. ఎనిమిదిళ్ళకి పాలు పోస్తానని ముందే మాటిచ్చేసింది కూడా. వాళ్ళ వైపు ఇంతవరకు ఎవరికీ సొంత పాడి లేదు.

ఇంతలో ఈ పశువుల లెక్క వచ్చి పడింది. చేతిలో ట్యాబు పట్టుకుని ఒకాయన వచ్చాడు. వేరే జిల్లా మనిషి. మండుటెండ. వరండాలో కూర్చోబెట్టి కొబ్బరి బొండాం కొట్టించి ఇచ్చాను.

"గేదె ఎవరిదండీ?" అన్నాడు.

"ఆ అమ్మాయిదేనండీ. కష్టమంతా దానిదే, నాదేముంది?" అన్నాను.

ఆయన బొండాం తాగి లేచాడు. గేటు దగ్గర గడ్డిమోపుతో అమ్మాయి ఎదురైంది. దాన్నీ అడిగాడు, "గేదె ఎవరిదమ్మా?"

"పంతులమ్మగారిదండీ. నాదేటుందండీ?" అంది అది.

ఇదీ మా కోనసీమ వాళ్ళ జబ్బు. మాది అని చెప్పడానికి మాకు నోరు రాదు. ఇల్లు మీదే అంటాం, తోట మీదే అంటాం, అరిటిగెల దింపి ఇంకా మీదే అంటాం. విన్నవాళ్ళు కూడా నిజమని ఎప్పుడూ అనుకోరు. ఆ వేరే జిల్లాయన అనుకున్నాడు. నేను అమ్మాయిదన్నాను కాబట్టి దాని పేర ఒక గేదె, అది నాదంది కాబట్టి నా పేర ఒక గేదె, రెండూ మా ఇంటి నంబరు మీదే. ఎండలో పాక దాకా వెళ్ళి తొంగిచూసే ఓపిక లేక అలాగే నొక్కేసి వెళ్ళిపోయాడు. మర్యాదకి పోయి, ఉన్న ఒక్క గేదెనీ మేమిద్దరమూ కలిసి రెండు చేశాం.

నోటీసు పట్టుకుని వార్డు సచివాలయానికి వెళ్ళాను. అక్కడ ప్లానింగ్ సెక్రటరీ ఒక చిన్నమ్మాయి. మంచి పిల్లే. కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది. కానీ కంప్యూటర్ మీంచి కళ్ళు తిప్పదు.

"మీకు రెండు గేదెలున్నాయండి మేడం."

"ఒకటేనమ్మా."

"సిస్టంలో రెండు చూపిస్తోందండి."

"సిస్టంలో ఉన్న రెండోదాన్ని సిస్టంలోనే మేపుకోండి. మా పెరట్లో ఒకటే ఉంది."

ఆ పిల్ల నవ్వాపుకుంది. నాకు నవ్వు రాలేదు. సగానికి పెంచడం అంటే ఏమిటో మొదట్నుంచీ చెప్పాను. పాపం శ్రద్ధగా వింది. విని, ఫారంలో యజమాని అన్న చోట ఒక్క పేరే పడుతుందండి అంది. రెండు పేర్లు కొడితే ఎర్రగా మెరిసి వెనక్కొచ్చేస్తోంది. నా ముందే మూడుసార్లు కొట్టి చూపించింది.

రూలు ఇదిట: సొంత స్థలంలో, ఇంటి వాడుకకి, ఒకే ఒక్క పశువుని ఉంచుకుంటే తనిఖీ చేసి అనుమతిస్తారు. అందులో ఇంకొకరికి వాటా ఉంటే అది భాగస్వామ్యం. భాగస్వామ్యం అంటే వ్యాపారం. వ్యాపారం పసుపురంగులో కుదరదు.

"అయితే ఆ అమ్మాయి పేరే రాసుకోమ్మా. పెంచింది అదే."

"ఆవిడకి సొంత స్థలం లేదు కదండీ మేడం. బయటివాళ్ళ పశువు మీ స్థలంలో కడితే అదీ వ్యాపారమేనండి."

"అంటే మూడేళ్ళు పేడెత్తినదానిదైతే వ్యాపారం, నెలకోసారి పాకలోకి తొంగిచూసిన నాదైతే ఇంటి వాడుకా?"

"రూలండి మేడం," అంది బిక్కమొహం పెట్టి. గొంతు తగ్గించి, "మొత్తం మీదేనని అఫిడవిట్ ఇచ్చేయండి. ఇంకెవరికీ వాటా లేదని రాసేస్తే సరిపోతుందండి. తనిఖీ అయ్యేదాకా నోటీసు ఆగుతుందండి," అంది.

ఆ పిల్ల మీద అరిచి లాభం లేదని తెలిసీ అరిచాను. బయటికొచ్చి ఆటో ఎక్కాక సిగ్గేసింది.

ఇంటికొచ్చేసరికి పక్క మేడాయన గోడ మీంచి పలకరించాడు. ఆ మేడ కట్టి రెండేళ్ళయింది. బాల్కనీ సరిగ్గా మా పాక మీదికి పెట్టుకున్నారు. నోటీసు సంగతి ఆయనకి నాకంటే ముందే తెలుసు.

"వాసనండీ అక్కయ్యగారు. ఏవనుకోకండి. సాయంత్రం పూట బాల్కనీలో కూర్చోలేకపోతున్నావండి. దోమలొకటండి," అన్నాడు.

"పాక మేడ కంటే ముందునుంచీ ఉంది కదండీ తమ్ముడుగారు."

"ఆయ్, ఉందండి. కాదన్నానాండీ? పట్నంలో కలిసేక మారాలి కదండీ. కాలవ అవతలికి తోలేస్తే ఎవరికీ ఇబ్బందుండదండి." మళ్ళీ తనే అన్నాడు, "అన్నట్టు ఆ అమ్మాయికి లీటరున్నర చెప్పి ఉంచేవండి. ఈనితే మా వాటా మర్చిపోవద్దని చెప్పండి. ప్యాకెట్ పాలు మా ఆవిడకి పడవండి."

గేదె వద్దు, గేదె పాలు మాత్రం పొద్దున్నే వెచ్చగా మేడ మీదికి రావాలి. నేనేదో అనబోయి, మా ఆయన లోపల్నుంచి దగ్గడంతో ఊరుకున్నాను. ఆ దగ్గు నన్ను ఆపడానికే దగ్గుతారు.

నిజానికి అవతలికి తోలే సంగతి కూడా చూశాను. ఇద్దరు తోటల వాళ్ళని అడిగాను. ఒకాయన కుదరదన్నాడు, రెండో ఆయన చూద్దామన్నాడు. మా వైపు చూద్దామంటే కుదరదనే. చోటు దొరికినా అమ్మాయి ఒప్పుకోలేదు.

"నెలలు నిండినదాన్ని ఇప్పుడు కదిపితే ఎలాగండీ? తొలిచూలండి. కొత్త చోట ఈనితే బెదిరిపోయి చేపదండి."

చేపడమంటే పొదుగులోకి పాలు విడవడం. బెదిరిన గేదె పాలు బిగబట్టేస్తుంది. మొదటి ఈతలో ఆ అలవాటు పడిందంటే ఇంక ఆ గేదెతో పాడి లేదు. మూడేళ్ళ చాకిరీ ఏట్లో కలిసినట్టే. అమ్మాయికి రెండే దార్లు మిగిలాయి: గేదె ఈ పాకలోనే ఈనాలి, లేకపోతే దాని మీద ఆశ వదులుకోవాలి.

అఫిడవిట్ సంగతి అమ్మాయికి పాకలోనే చెప్పాను. కొబ్బరి పీచుతో గేదె వీపు రుద్దుతోంది.

"మొత్తం నాదేనని రాయాలిటే. నీకు వాటా లేదని రాయాలిట. ఉత్త కాగితం కోసమే."

"ఆయ్," అంది.

"ఆయ్ అనకు. బాగా ఆలోచించుకుని చెప్పు."

"ఆలోచించడానికేటుందండీ? కాగితంతో నాకేం పనండి? మీ నోటిమాట చాలండి నాకు."

మర్నాడు నోటరీ దగ్గరికి వెళ్ళాను. టైపు చేసినవాడు 'సదరు గేదెయందు ఇతరులెవ్వరికిని హక్కుగాని వాటాగాని లేదు' అని కొట్టాడు. 'ఇతరులెవ్వరికిని' అన్నచోట ఒక వొత్తు ఎగిరిపోయింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు కదా, దాన్ని దిద్దించి మరీ సంతకం పెట్టాను. ఏం రాస్తున్నానో చూసుకోవాల్సింది పోయి వొత్తులు చూసుకున్నాను.

వారం తర్వాత తాత్కాలిక అనుమతి వచ్చింది. అందులో కింద చిన్న అక్షరాల్లో ఒక షరతు. ఈ పశువుని వేరొకరికి అమ్మినా, బదిలీ చేసినా, ఆ క్షణం నుంచీ అనుమతి రద్దు. మళ్ళీ సచివాలయానికి పరిగెత్తాను. ఆ వారంలో అది నాలుగోసారి.

"ఈనాక ఆ అమ్మాయికి ఇచ్చేస్తాను కదమ్మా? అదే కదా మా మాట."

"ఇచ్చుకోండి మేడం, మీ ఇష్టం. ఇచ్చేక మాత్రం అక్కడ ఉంచకూడదండి."

"మరెక్కడుంచుతుంది, నెత్తి మీదా?"

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఛీ అనిపించింది నా నోరు నాకే. తన చేతిలో ఏముంది గనక? వచ్చే దారిలో మాత్రం ఎవరిని తిట్టాలో తెలియక మ్యాపునీ, పసుపురంగునీ, మైదాపిండి జిగురునీ, మేడనీ, లీటరున్నరనీ వరసపెట్టి తిట్టుకుంటూ వచ్చాను. ఆటోవాడు అద్దంలోంచి రెండుసార్లు చూశాడు.

అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. దాచడం నాకు చేతకాదు. అది గడ్డి విదిలించి తొట్టిలో వేసింది.

"అయితే పైకి మీదేనని ఉంచుదామండి," అంది చివరికి. "మనిద్దరికీ తెలుసు కదండీ ఎవరిదో."

"నీదేనే. నేను పోయేలోపు ఏదో దారి చూస్తాను. నా మాట మాటే."

"ఆయ్. అది తెలుసండి."

ఇంక తనిఖీ ఒక్కటే మిగిలింది. గేదె పొదుగు దింపింది, ఇవాళో రేపో అన్నట్టుంది. ఆ రోజు ఉదయం పది గంటలకి టౌన్ ప్లానింగ్ ఆయన వచ్చాడు, వెనకే మా సెక్రటరీ పిల్ల. పెద్దమనిషే, చెప్పులు బయట విప్పబోతే పేడ ఉంటుందండీ వద్దన్నాను. టేపు పెట్టి పాకకీ గోడకీ మధ్య కొలిచాడు, పాకకీ నూతికీ మధ్య కొలిచాడు. పేడకుప్ప చూశాడు. నీళ్ళు ఎటు పోతున్నాయో చూశాడు. అమ్మాయి తెల్లారే వచ్చి పాకంతా కడిగి ముగ్గు కూడా పెట్టింది. ముగ్గు చూసి ఆయన కాస్త మెత్తబడ్డాడు. పక్క మేడ బాల్కనీలోంచి తమ్ముడుగారు చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

అన్నీ బాగున్నాయనుకున్నాను. ఆయన ఫైలు తిరగేస్తూ ఆగాడు.

"మొన్న లెక్కలో రెండు పేర్లున్నాయి కదండీ. రెండో ఆవిడ ఎవరండీ? ఈ గేదెలో ఆవిడకి వాటా ఏవైనా ఉందాండీ?"

అమ్మాయి నాకు మూడడుగుల దూరంలో నిలబడి ఉంది, చేతిలో కుడితి బకెట్టుతో.

నాకు మాటలకి కరువు లేదు. బళ్ళో ఇన్‌స్పెక్టర్లకి ఎదురు చెప్పాను. పెన్షను ఆఫీసులో బల్ల గుద్దాను. ఊళ్ళో నన్ను చూస్తే గుమాస్తాలు టీకి లేచిపోతారని పేరు. ఆ వేళ మాత్రం నోరు పెగల్లేదు. ఉందంటే గేదె వారంలో కాలవ దాటాలి. లేకపోతే అమ్మాయి ఎదుటే నేను నా నోటితో లేదనాలి. కాగితం మీద రాసినంత తేలికగా ఆ మాట బయటికి రాలేదు. మా చుట్టాలమ్మాయండీ అనచ్చు. నా శిష్యురాలండీ అనచ్చు. గేదెని పెంచింది ఈ పిల్లేనండీ అనచ్చు. ఇవన్నీ నాకు తర్వాత తోచాయి.

ఆయన అమ్మాయి వైపు చూపించి మళ్ళీ అడిగాడు.

"ఈవిడేనాండీ? ఈవిడ మీకేమవుతారండీ?"

నేను గొంతు సవరించుకున్నాను. అంతే చేశాను.

"పనిమనిషినండీ," అంది అమ్మాయి. "నెల జీతానికి చేస్తన్నానండి. గేదె ఆరిదేనండి."

ఆయన రాసుకున్నాడు. పనిమనిషి, నెల జీతం. కింద నన్ను సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. సెక్రటరీ పిల్ల నా వైపు చూడకుండా ఫైలు మూసింది. వీధి దాకా వెళ్ళి వాళ్ళని సాగనంపి వచ్చాను. బాల్కనీలోంచి తమ్ముడుగారు, "అయిపోయిందాండీ అక్కయ్యగారు? పోన్లెండి, మంచిదేనండి," అన్నాడు.

నేను పెరట్లోకి వస్తూనే అమ్మాయి మీద ఎగిరాను. నాకు సిగ్గేసినా, భయమేసినా, ఏడుపొచ్చినా బయటికి వచ్చేది కోపమే.

"ఎవరు చెప్పమన్నారే నిన్ను అలాగ? ఒక్క నిమిషం ఆగలేకపోయావా? ఏదో ఒకటి నేనే చెప్పేదాన్ని కదా!"

అమ్మాయి బకెట్టు కింద పెట్టలేదు. కోపంగా కూడా లేదు. బళ్ళో లెక్క తప్పు చేసినప్పుడు నిలబడినట్టు నిలబడింది.

"ఆగేనండి పంతులమ్మగారు," అంది. "ఆయన రెండుసార్లు అడిగేరండి. మీరు చెప్తారేమోనని రెండుసార్లూ ఆగేనండి."

అని, కుడితి చల్లారిపోతోందంటూ గేదె దగ్గరికి వెళ్ళిపోయింది.